విలన్ రాసిన ఒక్క మాట

‘కాసాబ్లాంకా’ చూసినవాళ్ళని అందులో హీరో ఎవరని అడిగితే హంఫ్రీ బోగార్ట్ అని ఠక్కున చెప్పేస్తారు. హీరోయిన్ ఇన్‌గ్రిడ్ బెర్గ్‌మన్ అని చెప్పడానికి క్షణం కూడా పట్టదు. మరి విలనో? అక్కడే ఆగిపోతారు. “అదేనండీ, ఆ పొడుగాటి జర్మన్ ఆఫీసరు... విమానం దిగి వస్తాడు చూడండీ...” అంటారు. మొహం గుర్తుంటుంది, పేరు మాత్రం నోటికి రాదు.

ఆ సినిమాలో ఆయన మేజర్ స్ట్రాసర్. బయట కాన్రాడ్ వైట్. జర్మన్లు పలికే పద్ధతిలో అయితే ఇంటిపేరు ‘ఫైట్’. “విలన్‌కి ఇంతకన్నా మంచి ఇంటిపేరు దొరుకుతుందా!” అని మా ఆయన ఇప్పటికీ మురిసిపోతుంటారు.

మా ఆయనకి విలన్ల పిచ్చి అని ముందే చెప్పెయ్యాలి. చిన్నప్పుడు ‘పాతాళభైరవి’ ఎన్నిసార్లు చూశారో లెక్కలేదట. అన్నిసార్లూ చూసింది ఎన్టీఆర్‌ని కాదు, నేపాళ మాంత్రికుడు ఎస్వీ రంగారావునే. “హీరో గెలుస్తాడని మనకి ముందే తెలుసు కదోయ్, ఇంక అతన్ని చూట్టానికేముంది? ఓడిపోతానని తెలియనివాణ్ణి చూడాలి” అనేది ఆయన వాదన. మా పుట్టింట్లో వ్యవహారం పూర్తిగా వేరు. తెరమీద రాజనాల కనిపిస్తే చాలు, మా అమ్మమ్మ రెండు చేతుల మెటికలూ విరిచేసేది. “నీ చేతులు పడిపోనూ” అని తిట్టేది కూడా. ఆ ఇంట్లో పెరిగి ఈ ఇంటికొచ్చాను. కాబట్టి విలన్ల విషయంలో నాది మధ్యేమార్గం.

పెళ్ళయిన కొత్తలో వీడియో క్యాసెట్లు అద్దెకి తెచ్చుకుని చూసేవాళ్ళం. అలా ఒక ఆదివారం వచ్చింది ‘కాసాబ్లాంకా’. ఇంగ్లీషు సగమే అర్థమైంది. కానీ స్ట్రాసర్ దగ్గర నాకు ఒక సంగతి వింతగా అనిపించింది. ఆ మనిషి అరవడు. కళ్ళు ఉరమడు. హోటల్లో కూర్చుని షాంపేను, కేవియర్ తెప్పించుకుంటాడు. ఆడవాళ్ళు ఎదురైతే మర్యాదగా తల వంచుతాడు. అవతలివాణ్ణి చంపించబోతూ కూడా ‘దయచేసి’ అన్నట్టే మాట్లాడతాడు. మన జానపద సినిమాల వికటాట్టహాసాలకి అలవాటుపడ్డ నాకు, ఈ మర్యాదస్తుడే ఎక్కువ భయమేశాడు. పక్కింటాయనలా ఉన్నాడే అనిపించింది.

ఆ తర్వాత ఆయన గురించి ఒక్కొక్కటే తెలుసుకుంటూ వచ్చాం. ఒకేసారి కాదు, ఏళ్ళ తరబడి. క్యాసెట్లు పోయి సీడీలు, సీడీలు పోయి యూట్యూబ్ వచ్చేదాకా.

కాన్రాడ్ 1893లో బెర్లిన్‌లో పుట్టాడు. చదువు అంతంతమాత్రం. మాక్స్ రైన్‌హార్ట్ అనే మహా దర్శకుడి నాటకశాలలో చేరాడు. అంతలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది. 1915లో తూర్పు సరిహద్దుకి పంపిస్తే అక్కడ కామెర్లు, న్యుమోనియా పట్టుకుని ఆస్పత్రి పాలయ్యాడు. కోలుకున్నాక సైనికుల కోసం నాటకాలేసే బృందంలో పనిచేసి, మళ్ళీ బెర్లిన్ చేరాడు.

ఆయన్ని ప్రపంచానికి చూపించింది 1920లో వచ్చిన ‘డాక్టర్ కాలిగారి’ సినిమా. మాటల్లేని రోజులవి. అందులో గోడలన్నీ వంకర, కిటికీలన్నీ వంకర, ఎండా నీడా కూడా రంగుతో గీసినవే. ఆ వంకర ఊళ్ళో ఒక పెట్టెలో నిద్రపోయే మనిషి ఉంటాడు, పేరు సెజారే. యజమాని లేపితే లేస్తాడు, చంపమంటే చంపుతాడు. నల్లటి బిగుతు బట్టల్లో గోడకి ఆనుకుని పాకుతున్నట్టు నడిచే ఆ మనిషే కాన్రాడ్. కళ్ళు తెరిచే ఒక దృశ్యం ఉంటుంది చూడండీ, నూరేళ్ళు దాటినా దాని పదును తగ్గలేదు. పైవాడు చెప్పాడని చంపే మనిషి వేషం అది. ఆ తర్వాత జర్మనీలో జరిగినదాన్ని తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

దానికి ఒక్క ఏడాది ముందు, 1919లో, ఆయన ఇంకో సాహసం చేశాడు. మగవాణ్ణి ప్రేమించే మగవాడి బాధని సానుభూతితో చూపించిన ‘అందరిలా కాదు’ అనే అర్థం వచ్చే సినిమాలో హీరో వేశాడు. నూరేళ్ళ కిందటి మాట! మరుసటి ఏడాదే ఆ సినిమాని నిషేధించారు. ‘దేశం ఏమంటుందో’ అని లెక్కలు వేసుకునే మనిషి కాదని అప్పుడే తెలిసిపోయింది.

మనదేశం మొహం చూడకుండానే మన మహారాజు వేషం కూడా కట్టేశాడు. 1921లో వచ్చిన ‘ఇండియన్ టూంబ్’ అనే జర్మన్ సినిమాలో ఆయన బెంగాల్ మహారాజు. తలపాగా, నగలు, ఒక యోగి, పులులు... జర్మన్లు ఊహించుకున్న ఇండియా అంతా అందులో ఉంది. చూస్తే నవ్వొస్తుంది. కానీ ఈర్ష్యతో కాలిపోయే ఆ రాజు కళ్ళు మాత్రం నవ్వనివ్వవు.

ఆ కళ్ళ కోసమే హాలీవుడ్ పిలిచింది. అక్కడ 1928లో ‘ద మ్యాన్ హూ లాఫ్స్’ చేశాడు. విక్టర్ హ్యూగో నవల. రాజుగారి కోపానికి బలైన ఒక పిల్లాడి మొహాన్ని ఎప్పటికీ నవ్వుతున్నట్టే కోసేస్తారు. ఏడ్చినా నవ్వే, నవ్వినా నవ్వే. ఆ వేషం కోసం కాన్రాడ్ పెదవుల చివరలని కొక్కేలున్న పళ్ళసెట్టుతో వెనక్కి లాగి ఉంచేవారు. ఇంక నోరు పనికిరాదు, నటించాల్సింది కళ్ళతోనే. పాత్ర విలన్ కానేకాదు, పాపం చాలా మంచివాడు. అయితే విధి చూడండి, 1940లో బ్యాట్‌మన్ బొమ్మల పుస్తకంలో జోకర్ అనే విలన్‌ని పుట్టించినప్పుడు దానికి నమూనాగా దొరికింది ఈ మొహమే. మన పిల్లలు టీషర్టుల మీద వేసుకు తిరిగే జోకర్ నవ్వుకి మూలపురుషుడు మా కాన్రాడే.

అంతలో టాకీలు వచ్చాయి. సినిమాకి నోరొచ్చింది, కాన్రాడ్‌కి ఇంగ్లీషు సరిగ్గా రాదు. 1929లో మూటాముల్లె సర్దుకుని జర్మనీ వెళ్ళిపోయాడు. అక్కడ ఆయనకి జనాదరణకేం తక్కువ! అప్పటికే పెద్ద స్టార్.

1933 జనవరిలో హిట్లర్ గద్దెనెక్కాడు. ఆ ఏడాదే కాన్రాడ్ లిలీని పెళ్ళిచేసుకున్నాడు. ఆవిడ హంగరీకి చెందిన యూదు కుటుంబపు అమ్మాయి. సినిమా పరిశ్రమలో ఎవరు యూదులో ఎవరు కాదో ఏరడం మొదలైంది. నటీనటులందరికీ ఒక ఫారం ఇచ్చారు, నీ జాతి ఏమిటో రాయమని. కాన్రాడ్ పుట్టుకతో యూదుడు కాదు. ఉన్నదున్నట్టు రాసిచ్చినా ఎవరూ తప్పుపట్టరు. ఆయన కలం తీసుకుని ఆ ఖాళీలో ‘యూదు’ అని రాశాడు. ఆయన జీవితం గురించి రాసినవాళ్ళందరూ చెప్పే ముచ్చట ఇది. పెళ్ళయిన కొద్దిరోజులకే భార్యాభర్తలిద్దరూ ఇంగ్లండ్ వెళ్ళిపోయారు.

ఈ సంగతి మా ఆయన చదివి వినిపించినప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. పొయ్యి కట్టేసి వచ్చి కూర్చున్నాను. నాకు వేరే సంగతి గుర్తొచ్చింది మరి.

మాది కులాంతర వివాహం. 1990లో, పెళ్ళయిన రెండు నెలలకి, కోస్తాలో ఒక ఊళ్ళో అద్దెయిల్లు వెతుక్కుంటున్నాం. ఒకచోట రెండు గదుల వాటా బ్రహ్మాండంగా నచ్చింది. వెనకాల బావి, పక్కన కరివేపాకు చెట్టు. ఇంటావిడ కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. అద్దె మాట్లాడుకోవడం అయింది. అడ్వాన్సు కోసం మా ఆయన జేబులో చెయ్యి కూడా పెట్టారు. అప్పుడడిగాడు ఇంటాయన, మామూలుగా, నీళ్ళ సంగతి అడిగినట్టే: “ఇంతకీ మీరేవిట్లు?”

మా ఆయన తన కులం పేరు చెబితే సరిపోయేది. ఇంటాయనదీ అదే. గోడమీద పటాలు చూస్తేనే తెలుస్తోంది. నా వైపు ఎవరూ చూడను కూడా చూడలేదు, ఆడదాని కులం మొగుడి కులమే కదా వాళ్ళ లెక్కలో. ఆయన నా కులం పేరు చెప్పారు. “మేము ఫలానా” అన్నారు. ‘మా ఆవిడ’ అనలేదు, ‘మేము’ అన్నారు.

ఇంటాయన కాసేపు కిటికీలోంచి చూశాడు. “మా అబ్బాయి బదిలీ మీద వచ్చేస్తాడేమో, ఓ వారం ఆగి చెబుతాం” అన్నాడు. ఇంటావిడ లోపలికి వెళ్ళిపోయింది. మేం తాగిన గ్లాసులు అక్కడే అరుగుమీద ఉండిపోయాయి, వాటినెవరూ తియ్యలేదు. రోడ్డుమీదకొచ్చాక చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. సందు చివరికొచ్చాక ఆయన, “కాఫీ మాత్రం బావుందోయ్” అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

అప్పటికి మేమిద్దరం కాన్రాడ్ పేరు కూడా వినలేదు. రెండిటికీ పోలిక పెట్టడం ఎక్కువేనేమో కూడా. మాకు పోయింది రెండు గదుల వాటా, మర్నాటికి ఇంకోటి దొరికింది. ఆయనకి పోయింది దేశం. భాష పోయింది, నలభై ఏళ్ళ వయసులో తెచ్చుకున్న పేరు పోయింది. అయినా సరే, ఒక్క మాటతో ఎదురుగా ఉన్న మనిషి మొహం ఎలా మారిపోతుందో నేను చూశాను కాబట్టి, ఆ ఫారం సంగతి నాకు చరిత్రలా వినిపించలేదు.

ఇంగ్లండ్‌లో ఆయన ఖాళీగా లేడు. 1934లో ‘జ్యూ సస్’ అనే సినిమాలో యూదు కథానాయకుడిగా వేశాడు. యూదుల మీద జరిగిన అన్యాయాన్ని చూపించే సినిమా. నాజీలకి ఎక్కడ మండాలో అక్కడే మండింది. తర్వాత 1940లో అదే పేరుతో నాజీలు తమ సినిమా ఒకటి తీశారు, యూదులంటే అసహ్యం పుట్టేలా! ఒకే పేరు, ఒకే మనిషి కథ, రెండు సినిమాలు. ప్రచారం ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

1940లోనే వచ్చింది ‘థీఫ్ ఆఫ్ బాగ్దాద్’. మా ఇంట్లో దీనికి ప్రత్యేక స్థానం. అందులో దొంగపిల్లాడు అబూగా వేసినవాడు సాబూ, మైసూరు దగ్గర కారాపుర ఊళ్ళో మావటివాడి కొడుకు. మన పిల్లాడు! రాజుని గుడ్డివాణ్ణి చేసి, అబూని కుక్కగా మార్చేసే మాంత్రిక మంత్రి జాఫర్‌గా కాన్రాడ్. లండన్‌లో మొదలైన షూటింగ్ యుద్ధం మూలంగా హాలీవుడ్‌లో పూర్తయింది. మూడు ఆస్కార్లు వచ్చాయి. డిస్నీవాళ్ళ ‘అల్లాదీన్’లో జాఫర్ ఉన్నాడే, వాడి పేరూ వాలకమూ ఇక్కడినుంచే.

ఈ జాఫర్‌ని చూసి మా ఆయన నేపాళ మాంత్రికుడికి పోటీ దొరికాడన్నారు. నాకు మాత్రం ఒక దృశ్యం దగ్గర ఆగిపోవాలనిపించింది. రాకుమారి తన చేతిలో బందీ. మంత్రం వేస్తే చెప్పినట్టు వింటుంది. కానీ అతనికి అది వద్దు, ఆమె ప్రేమే కావాలి, మనస్ఫూర్తిగా. ఆ మాట అడిగేటప్పుడు జాఫర్ కళ్ళలో అధికారం ఉండదు, ఆకలి ఉంటుంది. ఒక్క క్షణం జాలేస్తుంది. ఆ వెంటనే మనమీద మనకి కోపమొస్తుంది, వీడి మీద జాలేమిటని. అలా మనల్ని ఇరుకున పెట్టగలవాడే అసలైన విలన్ నటుడని నా ఉద్దేశం.

యుద్ధం మొదలయ్యేనాటికి ఆయన బ్రిటన్ పౌరుడైపోయాడు. హాలీవుడ్‌కి మళ్ళీ వెళ్ళినప్పుడు తన సంపాదనలో పెద్ద భాగం బ్రిటన్ యుద్ధసహాయానికి పంపేవాడు. ఇక హాలీవుడ్ ఆయనకి ఇచ్చినవేమిటి? నాజీ వేషాలు! ఏ యాస వల్ల 1929లో వెనక్కి వెళ్ళాడో ఇప్పుడు అదే యాస పని ఇచ్చింది. జర్మన్ యాసలో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు కావాలి, వాళ్ళెక్కడుంటారు? హిట్లర్ తరిమేస్తే వచ్చినవాళ్ళలోనే. అలా నాజీలనుంచి పారిపోయి వచ్చినవాళ్ళే తెరమీద నాజీ బూట్లు తొడుక్కోవాల్సి వచ్చింది. యాసని బట్టి వేషం పంచడం మనకీ కొత్త కాదు. మన సినిమాల్లో తెలంగాణ యాసని చాలాకాలం విలన్లకీ కమెడియన్లకే కదా ఇచ్చారు. అది ఇంకో రోజు మాట్లాడుకోవాల్సిన సంగతి.

1942లో వచ్చిన ‘నాజీ ఏజెంట్’ చూడండి. గొప్ప సినిమా అని చెప్పను. జూల్స్ డాసిన్ దర్శకుడిగా తీసిన మొదటి పెద్ద సినిమా అది. అందులో కాన్రాడ్‌ది ద్విపాత్రాభినయం, కవలలు. ఒకడు అమెరికాలో తన మానాన తాను బతికే శాంతమైన మనిషి. రెండోవాడు నాజీ దౌత్యాధికారి. పరిస్థితులు కమ్ముకొచ్చి, మంచివాడు చెడ్డవాణ్ణి చంపి, వాడి బట్టలు వేసుకుని వాడి కుర్చీలో కూర్చుంటాడు, లోపలినుంచే నాజీల గుట్టు బయటపెడుతూ. మనకి ద్విపాత్రాభినయమంటే మీసం పెట్టడం, తియ్యడం. ఇక్కడ చూడాల్సింది అది కాదు. మంచివాడు చెడ్డవాడిలా నటిస్తున్నప్పుడు మొహంలో ఒక అలసట కనిపిస్తుంది, అంతే. ఆ రోజుల్లో ఆయన రోజూ చేస్తున్న పనే అది అనిపించింది నాకు.

ఇప్పుడు మళ్ళీ ‘కాసాబ్లాంకా’కి రండి. ఇవన్నీ తెలిశాక ఆ సినిమా ఇంకోలా కనబడుతుంది. 1942 వేసవిలో తీశారు, యుద్ధం ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియని రోజులు. హోటల్లో కనిపించే మొహాల్లో సగం నిజంగా పారిపోయి వచ్చినవే. జూదం బల్ల దగ్గర మార్సెల్ దాలియో, ఆయన మొహాన్నే నాజీలు ‘యూదులు ఇలా ఉంటారు’ అని పోస్టర్లమీద వేశారు. ఇవాన్‌గా వేసిన మాడ్లీన్ లెబో అప్పటికి ఆయన భార్య, 1940లో ఇద్దరూ పారిస్ వదిలి వచ్చారు. లావుపాటి వెయిటర్ ఎస్.జెడ్. సకాల్‌ది హంగరీ. ఆయన అక్కచెల్లెళ్ళు ముగ్గురు నాజీ శిబిరాల్లో చనిపోయారు. పీటర్ లోరీ సరేసరి, కాన్రాడ్‌లాగే 1933లో జర్మనీ వదిలాడు.

జర్మన్ ఆఫీసర్లు పియానో చుట్టూ చేరి తమ దేశభక్తిగీతం పాడుతుంటారు. హోటల్లో ఉన్నవాళ్ళందరూ లేచి ఫ్రెంచి జాతీయగీతం అందుకుని వాళ్ళ గొంతు ముంచేస్తారు. లెబో చెంపలమీద కన్నీళ్ళు కారుతుంటాయి. ఆ దృశ్యంలో అందరూ ఆమెనే చూస్తారు, చూడాలి కూడా. ఒకసారి మాత్రం పియానో వైపు చూడండి. అక్కడ గొంతెత్తి పాడుతున్న మేజర్ స్ట్రాసర్ కూడా హిట్లర్‌ని కాదని వచ్చేసినవాడే. ఎదురుగా ఉన్న శరణార్థులకి తమ బాధని తమ గొంతుతో పాడుకునే అవకాశం దొరికింది. ఆయన వంతుకి వచ్చింది ఓడిపోవాల్సిన పాట. దాన్ని ఆయన నీరసంగా పాడలేదు. నీరసంగా పాడితే అవతలివాళ్ళ గెలుపు తేలిపోతుంది మరి.

ఇక్కడ మా ఇద్దరికీ ఇప్పటికీ పడదు. “సెజారేగా వేసినవాణ్ణి పట్టుకుని నాజీ ఆఫీసర్లకి సరిపెట్టేశారు, హాలీవుడ్ ఆయన్ని వృథా చేసింది” అంటారు మా ఆయన. వృథా అని నేననుకోను. ఆ సంవత్సరాల్లో నాజీలని జోకర్లుగానో రాక్షసులుగానో చూపించిన సినిమాలు బోలెడు. కాన్రాడ్ చూపించింది మర్యాద తెలిసినవాణ్ణి. చదువుకున్నవాడు, మంచి షాంపేను ఏదో తెలిసినవాడు, చేతికి నెత్తురు అంటకుండా ఫైలుమీద సంతకంతో పని కానిచ్చేవాడు. అలాంటివాళ్ళని ఆయన బెర్లిన్‌లో చూసే ఉంటాడు. ఫారం ఇచ్చినవాడు కూడా నవ్వుతూనే ఇచ్చి ఉంటాడు. ఆ సంగతి అమెరికా ప్రేక్షకుడికి ఎవరో ఒకరు చెప్పాలి కదా.

“అయితే మాత్రం, ఓ పెద్ద వేషం ఇవ్వాల్సింది” అంటారాయన. అదీ నిజమే, కాదనను.

పెద్ద వేషానికి టైమే లేకపోయింది. 1943 ఏప్రిల్ 3న లాస్ ఏంజిలిస్‌లో గోల్ఫ్ ఆడుతుండగా గుండెపోటు వచ్చి కాన్రాడ్ అక్కడికక్కడే పోయాడు. వయసు యాభై. ‘కాసాబ్లాంకా’ ఊరూరా విడుదలై మూడు నెలలైనా కాలేదు. ఆ సినిమాకి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది మరుసటి ఏడాది. హిట్లర్ పతనం చూడాలంటే ఇంకో రెండేళ్ళు బతకాలి. ఆయన పోయాక విడుదలైన చివరి సినిమా ‘అబవ్ సస్పిషన్’లో మాత్రం ఈసారి నాజీలకి ఎదురు నిలిచే మంచివాడి వేషం. సరదాగా, చలాకీగా ఉంటాడు అందులో.

అస్థికలు చాలాకాలం అమెరికాలోనే ఉండిపోయాయి. లిలీ 1980లో చనిపోయింది. 1998లో ఇద్దరి అస్థికలనీ లండన్‌లోని గోల్డర్స్ గ్రీన్ శ్మశానవాటికకి తీసుకొచ్చి, గోడలో ఒకే గూట్లో పెట్టారు.